లాయర్లను వెతికిపెట్టే వెబ్‌సైటు: అయిదింట రెండు స్టార్లు

నాకు రావలసిన సొమ్ముకు ఇచ్చిన చెక్కు బౌన్సయింది. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా అవతలి వ్యక్తికి నోటీసు పంపాలి. తీరిగ్గా వాకబు చేసే వ్యవధి లేక, లాయర్ల వివరాలు చూపించే ఒక వెబ్‌సైటు తెరిచాను. పేరు ఎందుకులెండి, ఇలాంటివన్నీ ఒకే తాను ముక్కలు.

వెతకడం మాత్రం సులువు. ఊరు, కేసు రకం ఎంచుకోగానే ఫొటోలు వరుస కట్టాయి. అందరికీ నాలుగున్నర స్టార్లే! పక్కన ‘వెరిఫైడ్’ అని ఆకుపచ్చ ముద్ర, పైన ఉన్నవాళ్లకు ‘ప్రీమియం’ అని బంగారు రంగు పట్టీ. ఒకాయన ఫొటో కింద ‘చెక్కు కేసుల్లో నంబర్ వన్’ అని ఉంది. వెరిఫై చేసిందెవరు, ఏం చూసి చేశారు? ఆ ముద్ర మీద నొక్కితే ఏమీ తెరుచుకోదు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. ఆ మనిషి అసలు లాయరేనా అని, లాయర్లను నమోదు చేసుకునే బార్ కౌన్సిల్‌లో సరిచూసుకోవడానికి నాకు కావలసింది అదే.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం ప్రకారం న్యాయవాది ప్రకటనలిచ్చి గానీ, దళారులను పెట్టి గానీ కేసులు రాబట్టుకోకూడదు. బోర్డు కూడా ఓ మాదిరి సైజులోనే ఉండాలి, ఫలానా కేసుల్లో నిపుణుడినని దాని మీద రాసుకోకూడదు. 2008లో ఈ నియమాన్ని కాస్త సడలించి సొంత వెబ్‌సైటుకు అనుమతిచ్చారు. పేరు, చిరునామా, ఫోను, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ప్రాక్టీసు చేసే రంగాలు అందులో పెట్టుకోవచ్చు. నేను చూసిన సైటులో రాయొచ్చన్న నంబరు లేదు, రాయకూడదన్న గొప్పలు మాత్రం నిండా ఉన్నాయి. 2024 జులైలో మద్రాస్ హైకోర్టు ఇలాంటి సైట్ల మీద మండిపడిందంటే ఆశ్చర్యం లేదు. లాయర్లకు రేటింగులివ్వడం వృత్తి విలువలను కించపరచడమేనంది.

అలాగని లాయర్లు నోరే మెదపకూడదన్న వాదనతో నేను ఏకీభవించను. అమెరికాలో అరిజోనా లాయర్లిద్దరు తమ ఫీజులు చెబుతూ పత్రికలో ప్రకటన వేస్తే, అలాంటి ప్రకటనలను పూర్తిగా నిషేధించడం కుదరదని అక్కడి సుప్రీంకోర్టు 1977లోనే తేల్చింది. మన దగ్గర డాక్టర్లకు కూడా కట్టుబాట్లున్నా, తమ ఫీజు ఎంతో బహిరంగంగా చెప్పుకొనే వీలు 2002 నిబంధనల్లోనే ఉంది. నోటీసుకు ఎంత, వాయిదాకు ఎంత అన్నది ముందే తెలిస్తే కక్షిదారుకు మేలే కదా! ఈ సైటులో ఫీజు అన్నచోట ‘సంప్రదించండి’ అని మాత్రమే ఉంది.

సంప్రదించాను. నేను ఎంచుకున్న లాయరు బదులు ముక్కూమొహం తెలియని వాళ్లు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. నా నంబరు ఎవరెవరికి చేరిందో అడిగితే కస్టమర్ కేర్ దాటవేసింది.

చివరకు పని అయింది వేరేచోట, ఒక న్యాయవాది సొంత వెబ్‌సైటు ద్వారా. తెరవగానే ‘ఇది ప్రకటన కాదు, ఈ సమాచారం నేనే కోరి చూస్తున్నాను’ అన్న పెట్టె అడ్డం వచ్చింది. ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కితే గానీ లోపలికి పోనివ్వదు. ఆ తంతు నాకు నవ్వు తెప్పించింది గానీ లోపల ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీతో సహా ఉంది. ఫీజు ఫోన్‌లో తడుముకోకుండా చెప్పారు. గడువులోగా నోటీసు వెళ్లింది.

మొదటి సైటుకు నేనిచ్చే రెండు స్టార్లూ వెతకడంలోని సులువుకే. పేర్లు, ఊళ్లు చూసుకోవడానికి వాడుకోండి, ఫోను నంబరు మాత్రం ఇవ్వకండి. ఖాతా తొలగించే మీట సెట్టింగుల్లో అట్టడుగున ఉంది.