న్యూయార్క్ నగర ఫైర్ మ్యూజియం: ఒకనాటి ఫైర్ స్టేషన్‌లోనే

మాన్‌హట్టన్‌లోని స్ప్రింగ్ వీధిలో 1904లో కట్టిన ఈ ఫైర్ స్టేషన్ ఒకప్పుడు 30వ ఇంజన్ దళానికి స్థావరం. 1987లో ఇది న్యూయార్క్ నగర ఫైర్ మ్యూజియంగా మారింది. పాత బండ్లను ఏదో ఒక హాల్లో పేర్చకుండా, అలాంటి బండ్లు గంట మోగగానే బయలుదేరిన చోటనే నిలబెట్టడం ఎంతో సబబుగా తోచింది.

1865లో జీతానికి పనిచేసే దళం ఏర్పడేదాకా ఆ నగరంలో మంటలార్పినది స్వచ్ఛంద సేవకులే. ఇరువైపులా వరుసగా నిలబడి పొడవాటి కడ్డీలను పైకీ కిందికీ ఆడిస్తే తప్ప నీళ్లు చిమ్మని వారి చేతిపంపు బండ్ల మీద అంతటి రంగుల చిత్రాలు, ఇత్తడి నగిషీలు ఎందుకని మొదట ఆశ్చర్యపోతాం గానీ, దళాల మధ్య ఉండిన పోటీ తెలిశాక ఆ ఆర్భాటమంతా ఇట్టే అర్థమవుతుంది. తరువాత ఆవిరి ఇంజన్లు వచ్చాయి. వాటిని లాగిన గుర్రాల కాలం 1922తో ముగిసింది.

2001 సెప్టెంబరు 11న అసువులు బాసిన 343 మంది సిబ్బంది స్మారకం దగ్గర తొందరపడకూడదు. హెల్మెట్లు, బ్యాడ్జీల అలమరాలు మాత్రం నాకు కాస్త ఎక్కువనిపించాయి (సేకరణ పిచ్చి ఉన్నవారికి అవే పండగ). పిల్లలుంటే, బ్రూక్లిన్ దళంతో ఉండి, చనిపోయాక చర్మంలో దూది కూరి భద్రపరచిన ‘చీఫ్’ అనే కుక్కను తప్పక చూపించండి. బయలుదేరే ముందు మ్యూజియం తెరిచి ఉందో లేదో కనుక్కోవడం మంచిది.