'కామరూపులు' తెలుగు పుస్తకం కొనబోతున్నారా? డబ్బు పంపకముందు ఇది చదవండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడుపుతుంటే మిగతావారు అందులో పాత్రలై పాచికలు వేస్తూ ఆడే ఆట) ఆడే పిల్లల కోసం 'రూపాలు మార్చుకునే కొత్త జాతి, పూర్తిగా తెలుగులో, 64 రంగుల పేజీలు, ఐదు బొమ్మలు ఉచితం' అంటూ హైదరాబాదులో ఒకతను 1,450 రూపాయలకు పుస్తకం అమ్ముతున్నాడు. నేను కొన్నాను. మీరు కొనకండి. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా ఈపాటికి మారిపోయి ఉంటుంది.

ఆదివారాలు పద్మారావునగర్‌లోని మా ఇంట్లో మా అక్క కొడుకు, వాడి స్నేహితులు ముగ్గురు ఆడతారు. కథ నడిపేది నేను. వాళ్లకు ఇంగ్లీషు రాక కాదు, తొమ్మిదో తరగతి పిల్లలు, నాకంటే వేగంగా చదువుతారు. వాతాపి, ఇల్వలుడు లాంటి వాళ్లు ఆటలోకి వచ్చి తెలుగులోనే మాట్లాడితే ఎలా ఉంటుందో చూడాలన్నది నా సరదా. అందుకే 'కామరూపులు' అన్న పేరు చూసి సగం పడిపోయాను, నమూనాగా పెట్టిన రెండు పేజీలు చదివి మిగతా సగం పడిపోయాను. పుస్తకం మొత్తంలో మనిషి రాసినవి ఆ రెండు పేజీలేనని తరువాత తెలిసింది.

డబ్బు ముందే ఫోనులో పంపమన్నాడు, పంపాను. పుస్తకాన్ని అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర చేతికిచ్చాడు. ప్లాస్టిక్ కవరు, దాని చుట్టూ నాలుగు చుట్లు టేపు. "ఇంటికి వెళ్లాకే విప్పండి మేడమ్, వాన తగిలితే రంగు పోతుంది" అని చెప్పి మెట్లెక్కి వెళ్లిపోయాడు. నిజంగానే తుంపర పడుతోంది, ఎంత శ్రద్ధో అనుకున్నాను. ఇంటికొచ్చి కత్తెరతో కోస్తే లోపల స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ కాగితాలు. 38 పేజీలు. నలుపు తెలుపు. లేని రంగు ఎలా పోతుందో అతనికే తెలియాలి. ఐదు బొమ్మలకు వచ్చినవి రెండు, అందులో ఒకదాని తల మెడ దగ్గర వదులై గుండ్రంగా తిరుగుతుంది.

కాగితం నాసిరకమైనా సర్దుకునేదాన్ని. లోపలి తెలుగు చూడండి. మూడో పేజీ మొదటి వాక్యం: "ఈ పరుగుపందెం తన ముఖాన్ని మార్చగలదు." మూడుసార్లు చదివాను. ఇంగ్లీషులో జాతికీ పరుగుపందేనికీ ఒకటే మాట కదా, 'రేస్', అనువాద యంత్రం పందెం వైపు పరుగెత్తింది. ఇరవై ముఖాల పాచిక వేయమనవలసిన చోట "ఒక ఇరవై చనిపోండి" అని ఉంది, పాచికకూ చావుకూ 'డై' అనే కదా. మంత్రాల ('స్పెల్'ల) పట్టిక పైన 'అక్షరక్రమాల జాబితా' అని శీర్షిక. పిల్లలు దివాన్ మీద పడి దొర్లి నవ్వారు. ఆ నవ్వుకు యాభై రూపాయలు తగ్గించుకుంటాను, మిగతా 1,400 నాకు తిరిగి రావాలి.

నవ్వులాటగానే పోయేది, కానీ మేము ఆ నియమాలతో ఆడాము. కోటలోని ఖజానాలోకి దొంగచాటుగా వెళ్లే కథ ఒకటి మూడు వారాలు కూర్చుని రాసుకున్నాను. మా వాడు మొదటి వంతులోనే కోట కావలివాడి రూపం ధరించాడు. పుస్తకం ప్రకారం ఒంటి మీద ఉన్నవన్నీ మారతాయి. "పిన్నీ, కావలివాడి నడుముకు తాళాల గుత్తి ఉందన్నావు కదా, మరి నా నడుముకూ వచ్చినట్టే కదా?" అన్నాడు. పేజీ తిప్పి చూశాను, వాడు అన్నది నిజమే. పదిహేను నిమిషాల్లో ఖజానా ఖాళీ. మూడు వారాల కథ పకోడీలు వేగేలోపు అయిపోయింది.

అసలు ఆటలో ఇలాంటి జాతి ఉంది, పేరు చేంజ్‌లింగ్. కీత్ బేకర్ ఈ ఆట కోసం సృష్టించిన ఎబెరాన్ అనే ఊహాలోకంతో పాటు 2004లో ఆటగాళ్ల చేతికి వచ్చింది. ఆట నియమాల ఐదో ఎడిషన్‌లో దాని నియమం చిన్నది, కానీ గట్టిది. ముఖం మారుతుంది, గొంతు మారుతుంది. బట్టలు మారవు, చేతిలోని వస్తువులు మారవు. బలం, తెలివి లాంటి అంకెలూ మారవు. ఎన్నడూ చూడని మనిషిలా మారలేరు. చేతులూ కాళ్లూ అమరిన తీరు మారకూడదు, ఆ లెక్కన బంగారు జింకగా మారిన మారీచుడు చేంజ్‌లింగ్ కాడు. చచ్చిపోతే అసలు రూపం బయటపడుతుంది. బట్టలు మారకపోవడంలోనే ఆట ఉంది. కావలివాడిలా కనిపించాలంటే ముందు వాడి దుస్తులు కొట్టేయాలి, తాళాలు సంపాదించాలి, వాడి యాస పట్టుకోవాలి. నలుగురు పిల్లలు ఒక సాయంత్రమంతా గొడవపడి పథకం వేసేది దానికోసమే.

మరి ఇతను ఏమి అమ్మాడు? అతని నియమాల పేజీని అసలు ఆట నియమాల పక్కన పెట్టి సరిచూస్తే దొరికింది. అది చేంజ్‌లింగ్ కూడా కాదు, డాపెల్‌గ్యాంగర్ అనే రాక్షసజీవి పేజీ. అరవై అడుగుల దూరం నుంచి మనసులోని మాట చదవడం, ఏమరుపాటున ఉన్నవారికి మొదటి దెబ్బలో మూడు ఆరుముఖాల పాచికల అదనపు నష్టం, 52 ప్రాణాంకాలు (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె), అన్నీ మక్కికి మక్కి. ఒంటి మీది వస్తువులు మారవన్న వాక్యం మాత్రం తారుమారైంది. మొదటి స్థాయి యోధుడికి పన్నెండు ప్రాణాంకాలుంటే గొప్ప. అతని పక్కన 52తో ఇంకో పిల్లవాడు నిలబడితే మిగతా ముగ్గురికి చేసే పని ఉండదు, మా ఇంట్లో ఒకడు అలిగి బాల్కనీలోకి వెళ్లాడు కూడా. పైగా ఆ పేజీ ఉన్న ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో అందరికీ ఉచితం. అనువదించుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, ఎవరివో చెబితే చాలు. ఇతను ఆ ఒక్క వాక్యం కూడా వేయలేదు.

ఇంకొక సంగతి నన్ను బాగా కుదిపింది. మన కథల్లో కామరూపులను పట్టుకునే దారులు ఎన్ని ఉన్నాయి! దమయంతి స్వయంవరంలో నలుగురు దేవతలు నలుడి రూపంలో కూర్చుంటారు. రెప్ప పడని కళ్లు, చెమట పట్టని ఒళ్లు, వాడని పూలమాల, నేలకు ఆనని పాదాలు చూసి ఆమె అసలు నలుణ్ణి గుర్తుపడుతుంది. మన పేరు పెట్టుకున్న పుస్తకంలో ఇందులో ఒక్కటీ లేదు.

డబ్బు అడిగితే "చూస్తాను మేడమ్" అన్నాడు, తరువాత నా నంబరును బ్లాక్ చేశాడు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, మర్యాదగా విన్నారు. అమ్మిన వారి చిరునామా అడిగారు. నా దగ్గర ఉన్న చిరునామా మెట్రో మెట్లు. కాబట్టి ఎవరి దగ్గర కొన్నా ముందు చిరునామా, రసీదు తీసుకోండి. నమూనాగా అందమైన కథ పేజీ కాదు, రూపం మారే నియమం ఉన్న పేజీ పంపమనండి. చేతికిచ్చిన చోటే, తీసుకున్న వెంటనే కవరు విప్పండి.

పది రోజుల తరువాత 'మాయావులు' అనే పుస్తకం ప్రకటన కనిపించింది. 1,650 రూపాయలు, అమ్మే పేరు వేరు, ఫోన్ నంబరు వేరు. ఫొటోలో బల్ల మీద మాత్రం 'కామరూపులు' ప్రకటనలో ఉన్న అదే పచ్చ పూల ఆయిల్‌క్లాత్, ఎడమవైపు అదే టీ గ్లాసు మరక. అక్క ఫోను నుంచి ఏమీ తెలియనట్టు అడిగాను, ఎన్ని పేజీలు అని. వెంటనే జవాబు వచ్చింది: "64, అన్నీ రంగుల్లో. ఇంటికి వెళ్లాకే విప్పండి మేడమ్, వాన తగిలితే రంగు పోతుంది."

బయట ఎండ మండిపోతోంది.