ఎర్రగడ్డ సంతలో కొన్న ఫిలిప్స్ 9710 స్పీకర్లు: జత అన్నాడు, జత కాదు

ఆదివారం నేను హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ పాత సామాన్ల సంతకి బయల్దేరితే మా ఆవిడ ఒకటే మాట అంటుంది. "ఏం తెచ్చినా సరే, బాల్కనీ దాటి లోపలికి రాకూడదు." ఈసారి తెచ్చినవి హాల్లోకి వచ్చాయి. నాలుగు నెలలుగా అక్కడే ఉన్నాయి కూడా. కాబట్టి రివ్యూ రాయొచ్చనుకుంటున్నాను.

సరుకు: ఫిలిప్స్ 9710 ఫుల్ రేంజ్ (అన్ని స్వరాలూ ఒక్కటే పలికే) స్పీకర్లు రెండు. 216 మిల్లీమీటర్లు, అంటే ఎనిమిదిన్నర అంగుళాలు. వాల్వు రేడియోల కాలం నాటివి. పాత మిక్సీ మోటార్లకీ టీవీ రిమోట్ల గుట్టకీ మధ్య బోర్లా పడి ఉన్నాయి. మూడు వేలు అన్నాడు. "రేడియోగ్రామ్ విప్పితే వచ్చినయ్ అన్నా, రెండూ ఒకటే, జత" అన్నాడు. నేను వెయ్యి అన్నాను. రెండు కొట్లు దాటి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాక పదిహేను వందలకి తెగింది.

మీటర్ లేకుండా సంతలో నిలబడి ఏం చూడాలి అని చాలామంది అడుగుతారు. నేను ముందు తిప్పి వెనక చూస్తాను. నల్లగా, గుండ్రంగా, మినపరొట్టెలా పరుచుకుని ఉంటే అది ఫెర్రైట్ అయస్కాంతం. అలా కాకుండా చిన్న ఇనప డబ్బాలాగో, ఇనప పట్టీ మధ్యలో ఇరికించిన దిమ్మలాగో ఉంటే ఆల్నికో అయ్యే అవకాశం ఎక్కువ. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన మిశ్రమం అది. ఫిలిప్స్ వాళ్లు తమదానికి టికోనాల్ అని పేరు పెట్టుకున్నారు. 1978లో కోబాల్ట్ గనులున్న జైర్‌లో (ఇప్పటి కాంగో) గొడవలు జరిగి కోబాల్ట్ ధర ఆకాశానికంటాక స్పీకర్ల కంపెనీలు చాలావరకు ఫెర్రైట్‌కి మారిపోయాయి. అందుకని ఆల్నికో కనిపిస్తే వయసు కూడా ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. ఆల్నికో అంటేనే అమృతం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది గానీ, దాని గురించి ఇంకోసారి.

తర్వాత అంచు. ఫోమ్ అంచు అయితే ఇరవై ఏళ్లకి బెల్లప్పాకంలా జిగురుజిగురుగా అయి రాలిపోతుంది. వీటికి ముడతలు పెట్టిన అంచు ఉంది, రెండూ బాగానే ఉన్నాయి. కోన్, అంటే కదిలి శబ్దం పుట్టించే కాగితం గరాటు, దాని మధ్యలో ఇంకో చిన్న కోన్, గరాటులో గరాటులాగా. హై నోట్స్ అది పలుకుతుంది, హై నోట్స్ కోసం విడిగా పెట్టే చిన్న స్పీకర్ (ట్వీటర్) అక్కర్లేదు. చివరగా, రెండు చేతుల వేళ్ల కొసలతో కోన్‌ని నాలుగు వైపులా సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నాను. కోన్ వెనక ఉండే తీగచుట్ట (కాయిల్) అయస్కాంతం సందులో (గ్యాప్‌లో) రాసుకుంటుంటే ఇసక మీద చెప్పు ఈడ్చినట్టు గరగర వినిపిస్తుంది. రెండూ నిశ్శబ్దం. ఒకదానికి మాత్రం కోన్ మీద అంగుళంన్నర చిరుగు. అది చూపించే వెయ్యి అన్నాను.

ఇంటికొచ్చి మల్టీమీటర్ పెట్టాను. మొదటిది ఆరు ఓమ్స్ దగ్గర ఆగింది. సరిగ్గా ఉన్నట్టే, మీటర్ చూపేది డీసీ రెసిస్టెన్స్, స్పీకర్ మీద రాసే ఇంపీడెన్స్ (ఏసీకి అది చూపే అడ్డు) కన్నా అది కొంచెం తక్కువే ఉంటుంది. ఎనిమిది ఓమ్స్ దానికి ఆరు చిల్లర, నాలుగు దానికి మూడు చిల్లర వస్తే కాయిల్ బాగున్నట్టు. రెండోదానికి పెడితే మీటర్ మీద ఎడమ పక్కన ఒక్క "1", అంతే. అంటే ఓపెన్, లోపల తీగ తెగిందన్నమాట. కాయిల్ పోయింది.

మర్నాడు సాయంత్రం రెంటినీ సంచిలో వేసుకుని కోఠీలో రీకోనింగ్ (పాత కోన్, కాయిల్ తీసి కొత్తవి వేయడం) చేసే ఒక షాపుకి పోయాను. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు తన మీటర్ పెట్టాడు, అదే "1". "కాయిల్ కట్ అయింది సార్, కొత్త కాయిల్, కొత్త కోన్ వేసేస్తాం, ఆరు వందల యాభై. రెండోది కూడా ఇస్తే రెండూ ఒకేలా వస్తాయి, పన్నెండు వందలకి చేస్తా." చూపించిన కోన్ డీజే బాక్సుల్లో వేసేది. అట్టంత మందం, మధ్యలో చిన్న కోన్ లేదు. అది వేస్తే ఫిలిప్స్ స్పీకర్‌లో మిగిలేది ఇనప చట్రం, అయస్కాంతం. అయినా సరే అనబోయాను, అబద్ధం ఎందుకు. కుర్రాడు అప్పటికే స్క్రూ డ్రైవర్ తీశాడు. అయస్కాంతం విప్పి గ్యాప్ శుభ్రం చేస్తానన్నాడు. అక్కడ నాకు చురుక్కుమంది. ఆల్నికోని దాని ఇనప చట్రంలోంచి విడదీస్తే బలం కొంత పోతుంది, మళ్లీ బిగించినా తిరిగి రాదు. మా నాన్న చిన్నప్పుడు నా వీపు మీద చరిచి నేర్పిన పాఠం అది. "రేపొస్తా" అని సంచి తీసుకుని బయటపడ్డాను. ఆ షాపుకి రేటింగ్ ఇవ్వను. డీజే స్పీకర్లు బాగు చేయించుకునేవాళ్లకి అది మంచి షాపే కావచ్చు. ఇలాంటివి మాత్రం ఇవ్వకండి.

ఇంట్లో పాత టూత్‌బ్రష్ మీద కొంచెం కిరోసిన్ వేసి వెనక తుప్పు తుడిచాను. మొదటిదాని మీద అచ్చు తేలింది: 9710 ఎం. రెండోది తుడిస్తే 9710, ఏ, ఎం. మధ్యలో ఒక అక్షరం ఎక్కువ.

ఆ "ఏ" అక్షరం విలువ ఎనిమిది వందల ఓమ్స్. ఎం అంటే లోపల చిన్న కోన్ ఉన్న రకం. ఉట్టి ఎం ఉన్నది ఏడు ఓమ్స్ స్పీకర్, ఏఎం ఉన్నది 800 ఓమ్స్ స్పీకర్. 1950ల రెండో సగంలో ఫిలిప్స్ వాళ్లు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా, రెండు ఈఎల్ 86 వాల్వులు ఒకదాని నెత్తిన ఒకటి పెట్టి నేరుగా స్పీకర్‌ని నడిపే రేడియోలు చేశారు. వాల్వుకి ఏడు ఓమ్స్ అంటే షార్ట్‌తో సమానం కదా, అందుకని స్పీకర్ కాయిల్‌నే వెంట్రుక లాంటి తీగతో వందల ఓమ్స్ వచ్చేలా చుట్టారు. నేనేమో మీటర్‌ని 200 ఓమ్స్ రేంజ్‌లో పెట్టి పోయిందనుకున్నాను; రేంజ్ దాటినా మీటర్ అదే "1" చూపిస్తుంది మరి. కోఠీ కుర్రాడిదీ అదే రేంజ్. 2000కి తిప్పితే దాదాపు 700 చూపించింది. కాయిల్ నిక్షేపంలా ఉంది.

ఇంకో తమాషా. పాతవాటికి ప్లస్, మైనస్ గుర్తులు చెరిగిపోయి ఉంటాయి కాబట్టి పెన్సిల్ సెల్ ఆనించి కోన్ ఎటు కదిలిందో చూస్తాం. బయటికి వస్తే సెల్ ప్లస్ ఆనిన కొస ప్లస్. మొదటిది టపీమని ముందుకొచ్చింది. ఏఎం రకానికి ఒకటిన్నర వోల్ట్ ఏ మూలకి? చెవి ఆనిస్తే చిటుక్కుమని ఒక చప్పుడు, కంటికి ఏమీ కనబడలేదు. తొమ్మిది వోల్ట్ల బ్యాటరీ పెట్టాక కదిలింది. ఆ చిటుకు ముందే విని ఉంటే కోఠీ దాకా పోయేవాణ్ణి కాదు.

చిరుగుకి టీ బ్యాగ్ కాగితం, నీళ్లు కలిపిన ఫెవికాల్. కాగితాన్ని కత్తిరించకుండా చింపాలి, అంచు పలచగా కలిసిపోతుంది. వెనక వైపునుంచి ఒక్క పొర వేసి వదిలేయండి. బరువు పెరిగితే స్పీకర్ గుణం మారుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఒకటి ఏడు, ఇంకోటి ఎనిమిది వందలు. స్టీరియో ఎలా? ఇక్కడ మా నాన్న గుర్తొచ్చాడు. గుడివాడ దగ్గర మా ఊళ్లో ఆయనకి మైకు సెట్టు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లు, తిరునాళ్లు, ఎన్నికలు అన్నిటికీ ఆయనే. పొలాల మీదుగా అర కిలోమీటరు వైరు లాగి హారన్లు కట్టాలంటే మామూలు కనెక్షన్ పనికిరాదు, పవరంతా వైరే తినేస్తుంది. అందుకని ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటుతో పంపే 100 వోల్ట్ లైన్ పెట్టి, ప్రతి హారన్ దగ్గరా ఒక లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కట్టేవాళ్లు. దాని పది వాట్ల ట్యాప్ (ఎన్ని వాట్లు కావాలో ఎంచుకునే కొస) లెక్క చూస్తే, వందని వందతో గుణించి పదితో భాగిస్తే, వెయ్యి ఓమ్స్. అవతల పక్క ఎనిమిది ఓమ్స్. దాన్ని తిరగేసి పెట్టండి: ఎనిమిది ఓమ్స్ వైపు యాంప్లిఫైయర్, వెయ్యి వైపు మన 800 ఓమ్స్ స్పీకర్. వెయ్యికీ ఎనిమిదికీ నిష్పత్తి 125, 800ని 125తో భాగిస్తే 6.4. యాంప్లిఫైయర్‌కి కనిపించేది ఆరున్నర ఓమ్స్ లోపు! పక్కనున్న ఏడు ఓమ్స్ దానికి ఇంతకన్నా దగ్గర సంబంధం దొరకదు. ఊరికి ఫోన్ చేసి అమ్మని అటక మీద ట్రంకు పెట్టె తీయించి, ఒక ట్రాన్స్‌ఫార్మర్ బస్సులో పార్సిల్ వేయించుకున్నాను.

యాంప్లిఫైయర్ గుజరాతీ గల్లీలో కొన్న టీడీఏ 2030 ఐసీ బోర్డు. అవుట్‌పుట్‌లో పెద్ద కెపాసిటర్ ఉన్న సింగిల్ సప్లై రకమే ఏరి తెచ్చాను, ట్రాన్స్‌ఫార్మర్‌లోకి డీసీ పోకూడదు. పది వాట్లు కూడా రావు, చాలు. ఇప్పటి చిన్న షెల్ఫ్ స్పీకర్లు ఒక వాట్‌కి 85, 87 డెసిబెల్స్ ఇస్తే ఇలాంటి పాతవి 90 దాటతాయి. మూడు డెసిబెల్స్ తేడా అంటే యాంప్లిఫైయర్ పవర్ రెట్టింపు చేసినంత. వందేసి వాట్లు పెట్టారో, ఆ కాగితం కోన్‌ని మీరే చంపినట్టు.

పెట్టె కట్టలేదు. చిన్న పెట్టెలో కుక్కితే ఇవి డబ్బా మోగినట్టు మోగుతాయి. 18 ఎంఎం ప్లైవుడ్ పలకలు, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, వెనక ఖాళీ. రంధ్రం సెంటర్‌కి కాస్త పక్కగా కొట్టమంటే మా వడ్రంగి ఒప్పుకోడు. "సార్, చూసినోళ్లు నాకు పని రాదనుకుంటారు." అన్ని అంచులూ సమాన దూరంలో ఉంటే వెనక నుంచి తిరిగొచ్చే శబ్దం ఒకే చోట దెబ్బ కొడుతుందని చెప్పాను. పలకల వెనక పెన్సిల్‌తో "సారు చెప్పినట్టు" అని రాసి పెట్టుకున్నాడు, రేపెవరైనా అడిగితే సాక్ష్యం.

శబ్దం సంగతి. మనిషి గొంతు, వీణ, నాదస్వరం, పాత రేడియో నాటకాల రికార్డింగులు: వీటికి నేను ఇంట్లో విన్నవాటిలో ఇదే మెరుగు. గొంతు పలకలోంచి కాకుండా పలక ముందు గాల్లోంచి వస్తుంది. నాటకంలో తలుపు గడియ తీసిన చప్పుడుకి మా ఆవిడ గుమ్మం వైపు చూసింది. బేస్ మాత్రం లేదు. మూడడుగుల పలకతో 190 హెర్ట్జ్ కింద జారడం మొదలవుతుంది, డప్పు దరువు వింటే ఎవరో దుప్పటి దులుపుతున్నట్టుంటుంది. కొత్త సినిమా పాటలకి వీటిని కొనొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపు ఇంకాస్త పలచన, శబ్దం కూడా ఒక పిసరు తక్కువ. బ్యాలెన్స్ కొంచెం అటు తిప్పి ఉంచాను. రెజొనెన్స్ (కోన్ తనంతట తాను ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) కొలిస్తే ఒకటి 56, ఇంకోటి 61 హెర్ట్జ్. కవలలు కారు, అన్నదమ్ములు.

అమెరికాలో గరాజ్ సేల్స్‌లో తిరిగే మా బావమరిది లాంటివాళ్ల కోసం ఒక మాట. అక్కడి పాత స్పీకర్ల చట్రం మీద ఆరేడు అంకెలు గుద్ది ఉంటాయి. మొదటి మూడూ కంపెనీ: 220 జెన్సెన్, 137 సీటీఎస్, 328 యూటా, 465 ఆక్స్‌ఫర్డ్. తర్వాత సంవత్సరం, చివరి రెండూ వారం. 220632 అంటే జెన్సెన్, ఆరుతో ముగిసే సంవత్సరం, 32వ వారం. 1956ఆ, 1966ఆ అన్నది అయస్కాంతం, చట్రం చూసి మనమే తేల్చుకోవాలి.

మొత్తం ఖర్చు స్పీకర్లు, బోర్డు, ప్లైవుడ్, వడ్రంగి కలిపి ఏడు వేల లోపు. ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది బేస్‌కి, అమ్మినవాడి "జత" అన్న మాటకి కాదు; ఏఎం విడిగా కనబడితే ఇంకోటి కూడా తీసుకుంటాను.

ట్రాన్స్‌ఫార్మర్ మీద తెల్ల పెయింటుతో నాన్న చేతిరాత ఉంది, "గుడి వైపు" అని. తిరునాళ్లలో గుడి వైపు తిరిగి ఉండే హారన్‌ది అన్నమాట. తుడవలేదు. మా ఇంట్లో రైట్ ఛానల్ పేరు ఇప్పుడు అదే. నిన్న రాత్రి జాక్ లూజై శబ్దం తగ్గితే మా వాడు గదిలోంచే అరిచాడు, "నాన్నా, గుడి వైపు రావట్లేదు!"