ఆశా అక్క సొంత కాళ్ల మీద నిలబడాలంటే: జామ్‌ఖేడ్, గడ్చిరోలి, ఇప్పటి ఆశా పద్ధతి.. ఏది మేలు?

ఊళ్లో ఆరోగ్యం చూసే మనిషి ప్రతి చిన్నదానికీ ఏఎన్ఎంకి (సబ్‌సెంటర్ నర్సుకి) ఫోన్ కొట్టకుండా తనే చూసి, తనే తేల్చుకునే స్థాయికి ఎలా వస్తుంది? ఇంకో ట్రైనింగ్ పెడితే సరిపోతుందని పైవాళ్లు అనుకుంటారు. నాకు ఆ నమ్మకం లేదు. మన దేశంలోనే మూడు పద్ధతులున్నాయి, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. నా ఓటు జామ్‌ఖేడ్‌కి, అయితే డబ్బు దగ్గర మాత్రం కాదు.

మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ కరువు ప్రాంతం. రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే అనే డాక్టర్ దంపతులు 1970లో అక్కడ పని మొదలుపెట్టారు. ముందు ఏఎన్ఎంలను ఊళ్లలో ఉంచి చూశారు, కుదరలేదు. దాంతో ఆ ఊరి ఆడవాళ్లనే తీసుకున్నారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు, అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన కులాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అసలు కిటుకు ఏమిటంటే వాళ్లకి ఒక్కసారి పాఠాలు చెప్పి పంపేయలేదు. వారం వారం సెంటర్‌కి వచ్చి, రాత్రి అక్కడే ఉండి, ఆ వారం ఎవరి ఊళ్లో ఏం జరిగిందో, ఏ బిడ్డకి విరేచనాలు తగ్గలేదో, ఏ అత్తగారు కోడల్ని ఆసుపత్రికి పంపనందో మాట్లాడుకునేవాళ్లు. ఒకామె చిక్కుకి ఇంకో ఊరి ఆమె దారి చెప్పేది. జవాబు ఎప్పుడూ డాక్టర్ దగ్గరే ఉంటుందన్న భయం పోవడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి మార్గం లేదు. పైగా ఊళ్లో మహిళా మండలి ఆమె వెనకాల ఉండేది, కాబట్టి ఆమె మాటకి బరువు ఉండేది.

మరి డబ్బు? బతుకుతెరువు కోసం అప్పు ఇప్పించి చిన్న వ్యాపారాలు నేర్పారు, నెల జీతం మీద ఆధారపడనివ్వలేదు. జీతం ఆపేస్తామని బెదిరించడానికి ఎవరికీ వీల్లేదు, అది నిజమే. కానీ పేద ఆడవాళ్లని ఈ రోజుల్లో జీతం లేకుండా చేయమని అడగడం అన్యాయం అంటాను.

గడ్చిరోలి మనకి పొరుగే, కాళేశ్వరం దగ్గర నది దాటితే వచ్చే సిరొంచ ఆ జిల్లాలోదే. అభయ్ బంగ్, రాణీ బంగ్ అక్కడ సెర్చ్ సంస్థ పెట్టి పసికందుల మీద దృష్టి పెట్టారు. పని చిన్నది, లోతు ఎక్కువ. కార్యకర్త బిడ్డ బరువు చూస్తుంది, ఒళ్లు వేడి చూస్తుంది, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడుతుంది, రక్తంలో ఇన్ఫెక్షన్ అని తేలితే తల్లిదండ్రుల ఒప్పుకోలుతో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కూడా ఇస్తుంది. పదిహేను రోజులకోసారి సూపర్‌వైజర్ వచ్చి ఆమె రాసింది, చేసింది సరిచూస్తారు. 39 ఊళ్లలో చేసిన ఈ పని ఫలితాలు 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఈ పద్ధతి లేని పక్క ఊళ్లతో పోలిస్తే మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఆసుపత్రి దూరంగా ఉన్న చోట ఇంత ధైర్యం చేతికిచ్చిన పద్ధతి ఇంకోటి నాకు కనపడలేదు.

ఇక 2005లో మొదలైన ఆశా. వెయ్యి మందికి ఒకరు, పని మాత్రం అన్నీ: గర్భిణులు, టీకాలు, టీబీ, సర్వేలు, ఆన్‌లైన్ ఎంట్రీలు. గడ్చిరోలి పాఠం ఇందులోకీ వచ్చింది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లి బిడ్డని చూడాలి. ఇంజెక్షన్ మాత్రం ఏఎన్ఎం చేతిలోనే ఉంచారు. 108 పిలిస్తే వచ్చే ఊరికి అది తప్పేం కాదు, బిడ్డని గబగబా ఆసుపత్రికి చేర్చడమే అక్కడ తెలివి. నాకు నచ్చనిది వేరే. పనికింత అని పారితోషికం పెడితే మనిషి దృష్టి డబ్బొచ్చే పని మీదకే పోతుంది, ఆమెని తప్పు పట్టలేం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకి పది వేలు చేశాక ఆ టెన్షన్ కొంత తగ్గి ఉండాలి, ఊళ్లో ఏది ముందు చూడాలో తేల్చుకునే అధికారం మాత్రం దానితో పాటు రాలేదు.

కాబట్టి పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాలకి నేనైతే గడ్చిరోలి పద్ధతే ఎంచుకుంటా, సూపర్‌వైజర్ నిజంగా వస్తేనే సుమా, లేకపోతే ఇంజెక్షన్ చేతికివ్వడం ప్రమాదం. మైదాన ప్రాంతాల్లో జీతం ఆశా పద్ధతిలోది ఉండాలి, మీటింగ్ జామ్‌ఖేడ్‌ది కావాలి. పీహెచ్‌సీలో నెలవారీ మీటింగ్ ఇప్పటికీ ఉంది, కాకపోతే అందులో రిజిస్టర్ లెక్కలే ఎక్కువ. సగం టైమ్ లెక్కలకి పోనీ, మిగతా సగం "ఈ నెల నువ్వు పంపిన కేసు ఏమైంది" అన్నదానికి ఇవ్వండి. డాక్టర్ గారు పక్కన కూర్చుని వినాలి, ముందు ఆశాలే మాట్లాడాలి. దీనికి పైసా బడ్జెట్ అక్కర్లేదు.