5513 సబ్‌మెరైనరా, 145.022 స్పీడ్‌మాస్టరా?

చెన్నైలో ఉద్యోగాల్లో స్థిరపడ్డ మనవాళ్లు ఈమధ్య పదే పదే అడుగుతున్నది ఇదే. మొదటి వింటేజ్ స్పోర్ట్స్ వాచీగా పాత రోలెక్స్ (సబ్‌మెరైనర్, మోడల్ నంబరు 5513) మేలా, పాత ఒమేగా (స్పీడ్‌మాస్టర్, మోడల్ నంబరు 145.022) మేలా?

రోజూ పెట్టుకోవడానికైతే 5513దే పైచేయి. ఆటోమేటిక్, తేదీ సర్దే గొడవ లేదు, 40 మిల్లీమీటర్లే. స్పీడ్‌మాస్టర్ 42, రోజూ కీ ఇవ్వాలి, నీళ్లకు దూరంగా ఉంచాలి. (5513ని 200 మీటర్ల లోతుకు తట్టుకునేలా చేశారు నిజమే. అలాగని యాభై ఏళ్ల వాచీతో బెసంట్ నగర్ అలల్లోకి దిగకండి.) మళ్లీ అమ్మాలన్నా రోలెక్స్‌కే గిరాకీ.

నాకు మాత్రం వీటన్నిటికన్నా ముఖ్యం, డబ్బు చేతులు మారకముందే సరుకు అసలుదో కాదో ఇక్కడే తేల్చుకోగలగడం.

5513 విలువంతా డయల్‌లో, ముళ్లలో, పాలిష్ పడని కేసులో ఉంటుంది. 1960ల చివరి దాకా డయల్ మీద లోతు మీటర్లలో ముందు, అడుగుల్లో తర్వాత అచ్చయ్యేది. ఆ తర్వాత వరుస తిరగబడింది. ఆ ఒక్క లైనుతోనే ధర మారిపోతుంటే, డయల్ మార్చి అమ్మాలన్న ఆశ పుట్టకుండా ఉంటుందా? సీరియల్ నంబరు కేసు మీద, 6 దగ్గర చైను తగిలించే కొమ్ముల మధ్య ఉంటుంది. చైను విప్పి చదివినా తెలిసేది కేసు వయసే. డయల్ ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్పదు.

స్పీడ్‌మాస్టర్ వెనక మూత తీయించండి. మూత లోపల మోడల్ నంబరు, మిషను మీద సీరియల్ కనిపిస్తాయి. రెండూ ఒకే కాలానివై ఉండాలి. 145.022లో 861 మిషనే ఉండాలి. చేయి తిరిగిన మెకానిక్ ఎవరైనా మీ ముందే తీసి చూపిస్తాడు. పైగా 1968లో వచ్చిన ఆ మిషను చిన్న మార్పులతో 1861గా 2021 దాకా నడిచింది కాబట్టి పార్టులకు మరీ కరువు లేదు.

కంపెనీ పేరు చూసో, వేలంపాట పేరు చూసో ధీమా పడొద్దు. 2021 నవంబరులో జెనీవా వేలంలో 30 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటిన ఒక 1957 నాటి స్పీడ్‌మాస్టర్ వేర్వేరు పార్టులు కూర్చిన అతుకుల బొంత అని 2023లో బయటపడింది.

రెండింటికీ పనికొచ్చే పరీక్ష ఒకటుంది. చీకటి గదిలో యూవీ టార్చి వేసి ఆర్పేయండి. డయల్ చుక్కలను చీకట్లో వెలిగించే ట్రిటియం సగానికి తగ్గడానికి పన్నెండేళ్లు చాలు, ఇప్పటికి అది దాదాపు చచ్చినట్టే. నిమిషాల తరబడి పచ్చగా వెలుగుతుంటే ఆ చుక్కలు తర్వాత పూసినవి, లేదా డయలే మారింది.

ఈ రెండూ కాక వేరే పాత వాచీలంటారా, హ్యూయర్ కరెరా 2447 చూడ్డానికి అందగత్తె, కానీ దాని వాల్‌జూ 72 మిషను తయారీ 1970లలోనే ఆగిపోయింది. ఫావ్రే లూబా డీప్ బ్లూ మన దగ్గర దొరికితే ముందు రీడయలేమో, అంటే డయల్‌కు మళ్లీ రంగేసి అచ్చేసిందేమో చూడండి.

నా ఓటు 1970ల నాటి 145.022కే. 5513 తప్ప వద్దంటే 1980ల మధ్య నుంచి వచ్చిన మెరిసే డయల్ రకం వెతకండి, అచ్చు తేడాల తలనొప్పి తక్కువ. వాటి తొలి డయళ్లలో కొన్నింటికి పెయింటు సాలెగూడులా పగులుతుంది. భూతద్దం లేకుండా బేరానికి వెళ్లకండి.