శెనక్కాయ తొక్క అచ్చు దిగాలంటే ప్రీమో క్లే

కమ్మలు చేయడానికి స్కల్పీ ప్రీమో పాలిమర్ క్లే (కాల్చితే గట్టిపడే ప్లాస్టిక్ మట్టి) 57 గ్రాముల బ్లాక్ తెచ్చుకున్నాక టెక్స్చర్ షీట్ల (గీతల అచ్చు నొక్కే పలకల) మీద డబ్బు పెట్టనక్కర్లేదు. అనంతపురంలో శెనక్కాయ తొక్కలకు కరువా! తొక్క మీది వలగీతలు ఈ క్లే మీద గీతకు గీత దిగుతాయి. మరీ మెత్తటి రకాల్లో వేలు తగిలితే చెరిగిపోయే సన్నగీతలు ఇందులో నిలుస్తాయి.

ఎండిన తొక్కను సగానికి చీల్చి, గుల్లలో క్లే ముక్క కూరండి. అప్పుడు నొక్కినా పగలదు. బాగా పిసికిన క్లేని 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, పైన కార్న్‌ఫ్లోర్ కుంచెతో పలచగా అద్దాలి. నిటారుగా నొక్కి నిటారుగానే తీయండి, పక్కకు కదిలితే గీతలు జంటగా పడతాయి. అచ్చు వేశాకే కమ్మల ఆకారం కోయాలి. ముందే కోస్తే నొక్కుడుకి అంచు సాగిపోతుంది. రెండున్నర సెంటీమీటర్ల కమ్మలైతే బ్లాక్‌కి ఏడెనిమిది జతలు వస్తాయి.

నిమ్మలకుంట తోలుబొమ్మల కత్తిరింపు ముక్కలు దొరికితే వదలొద్దు. ఉలి కొట్టిన రంధ్రాల్లోకి క్లే ఎక్కి, ముత్యాల్లా చుక్కలు పైకి లేస్తాయి. వాటి మీద మైకా పొడి వేలితో రాస్తే చుక్కలే మెరుస్తాయి. ఆ తోలుకు నీళ్లు తగలనివ్వొద్దు, ముడుచుకుపోతుంది. ధర్మవరం చీర అంచు ముక్కా బాగుంటుంది గానీ, ఊడిన పోగులు క్లేలో ఇరుక్కుంటాయి, ముందే కత్తిరించుకోండి. కడప బండ మాత్రం దండగ, దాని గరుకు పైపైనే పడుతుంది, రంగు తుడిస్తే ఏమీ మిగలదు.

మే నెల ఎండకి క్లే జిగురుగా అయితే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండలో నిలిపిన కారులో వదిలితే సగం ఉడికినట్టయి పొడిపొడిగా రాలుతుంది. పచ్చి క్లేని గట్టి ప్లాస్టిక్ డబ్బాలోనూ ఉంచొద్దు. అందులోని నూనెలాంటి పదార్థం కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది.

కాల్చడం 135 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 6 మిల్లీమీటర్ల మందానికి 30 నిమిషాలు. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) మీటను నమ్మకుండా లోపల విడిగా థర్మామీటర్ పెట్టండి. వేడి చాలకపోతే కొక్కెం రంధ్రం దగ్గరే విరుగుతుంది. ఈ క్లే పీవీసీ ప్లాస్టిక్ కాబట్టి మాడితే ఘాటైన, హానికరమైన పొగ వస్తుంది, కిటికీలు తెరిచి ఉంచండి.

చల్లారాక ముదురు గోధుమరంగు అక్రిలిక్ పూసి, ఆరకముందే తడిగుడ్డతో పైపైన తుడవండి. గీతల్లో రంగు నిలిచి వల తేటగా కనిపిస్తుంది. గట్టుల మీద మిగిలిన మరకను 600 నంబరు నీటి ఎమరీ కాగితంతో తీసేయొచ్చు.