ఆరేళ్ల వాడకం తరువాత: పాత ఎమ్‌ఎక్స్-5లో షార్ట్ షిఫ్టర్

నా కారు 1990 నాటి మజ్దా ఎమ్‌ఎక్స్-5, 1.6 లీటర్ల ఇంజన్, 5 గేర్లు. దానికి షార్ట్ షిఫ్టర్, అంటే గేర్ లివర్ కదిలే దూరాన్ని తగ్గించే కిట్, బిగించి ఆరేళ్లయింది, ఆ తరువాత కారు 42,000 కిలోమీటర్లు తిరిగింది. బిగించిన వారానికే రాసి ఉంటే ఈ సమీక్ష అంతా పొగడ్తే అయ్యేది. ఏడాదికి రాసి ఉంటే సగానికి సగం ఫిర్యాదులు ఉండేవి. ఇప్పుడు రెండింటిలోనూ ఎంత నిజముందో చెప్పగలననే నమ్మకం కుదిరింది.

ఈ కారులో గేరు మార్చడం బాగుండదని ఎవరూ అనలేదు. 1989లో షికాగో ప్రదర్శనలో తొలిసారి కనబడిన నాటి నుంచి దీని గేర్ లివర్‌ను మెచ్చుకోనివారు అరుదు. ఇంజన్ వెనుకే కారు పొడవునా గేర్‌బాక్స్ ఉండటం, దాని తోకమీద నేరుగా లివర్ కూర్చోవడం, మధ్యలో కేబుళ్లు గానీ పొడవాటి రాడ్లు గానీ లేకపోవడం అందుకు కారణాలు. అలాంటప్పుడు దీన్ని ఇంకా పొట్టి చేయవలసిన అవసరమేమిటని అడగవచ్చు. నేను కొనేనాటికి నా కారులో ఆ మంచి పేరు మిగల్లేదు. గేరులో ఉన్నప్పుడు కూడా లివర్ అటూ ఇటూ ఊగేది, మూడో గేరు పడిందో లేదో చేతికి తెలిసేది కాదు, గంటసేపు నడిపితే లివర్ కొసన చేత్తో పట్టుకునే నాబ్ వేడెక్కేది. లివర్ ఎక్కువ దూరం కదలడమే ఈ జబ్బుకు మూలమని తీర్మానించుకుని కిట్ తెప్పించాను. ఆ తీర్మానం తప్పని తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

కిట్‌లో ఉన్నవి రెండే ప్రధాన భాగాలు: లివర్ ఊగే ఆధార బిందువును పైకి లేపే మందపాటి అల్యూమినియం రింగు, ఆ ఎత్తుకు తగ్గట్టు కింది భాగం పొడవు పెంచిన కొత్త లివర్. సూత్రం చిన్నప్పుడు బడిలో చదువుకున్న మీట సూత్రమే. పై భాగం పొడవు మారకుండా కింది భాగాన్ని మూడో వంతు పెంచితే నాబ్ కదిలే దూరం పావు వంతు తగ్గుతుంది. అయితే అదే లెక్కన చెయ్యి పెట్టవలసిన బలం మూడో వంతు పెరుగుతుంది. దూరం 40 శాతం తగ్గుతుందని గొప్పగా రాసుకున్న కిట్‌లో బలం దాదాపు 67 శాతం పెరుగుతుంది. అమ్మేవారు మొదటి అంకెను మాత్రమే పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారు, రెండోదాన్ని కొన్నవాడి మోచెయ్యి లెక్కగడుతుంది.

బిగించడం కష్టమైన పని కాదు. నాబ్ విప్పి, కన్సోల్ తీసి, లివర్ మొదలుకు తొడిగిన పై రబ్బరు బూటును, దాని కింద ఉన్న చిన్న బూటు తాలూకు పళ్లేన్ని 10 నంబరు పానాతో విప్పితే లివర్ నిటారుగా పైకి వచ్చేస్తుంది. నాకు వచ్చింది లివర్ ఒక్కటే. దాని అడుగున ఉండే గుండుకు టోపీలా తొడిగి ఉండవలసిన నైలాన్ బుష్ రాలేదు. టార్చి వేసి గూడులోకి చూస్తే, అడుగున తారులా చిక్కబడిన నల్లటి ఆయిల్‌లో పెంకుల్లా విరిగిన గోధుమరంగు ముక్కలు కనిపించాయి. సన్నని పట్టకారుతో ఒక్కొక్కటీ పైకి తీసి, తెల్లకాగితం మీద పేర్చి, గిన్నె ఆకారం పూర్తయ్యేదాకా లెక్క చూసుకున్నాను, ఎందుకంటే ఒక్క ముక్క లోపల ఉండిపోయినా అది ఎప్పుడు ఎక్కడ అడ్డుపడుతుందో చెప్పలేం. బిగింపుకు అరగంట పట్టింది, ఈ ముక్కల వేటకు గంటన్నర పట్టింది. కింది చిన్న బూటు కూడా చుట్టూ చిరిగిపోయి ఉంది. కింది నుంచి వేడీ మోతా పైకి రావడానికి దారి అదే, నాబ్ వేడెక్కడానికి కారణమూ అదే. లివర్ కూర్చునే గూడులో గేర్‌బాక్స్ ఆయిల్‌తో సంబంధం లేకుండా వంద మిల్లీలీటర్ల లోపే ఆయిల్ విడిగా ఉంటుందని, దాన్నీ మార్చాలని నాకు ఆనాడే తెలిసింది. గేర్‌బాక్స్ ఆయిల్ క్రమం తప్పకుండా మార్చేవారు కూడా ఈ గుక్కెడు ఆయిల్ సంగతి పట్టించుకోరు.

కాబట్టి ఆ రోజు కొత్త లివర్‌తో పాటు కొత్త బుష్, కొత్త బూట్లు, కొత్త ఆయిల్ కూడా వేశాను. మొదటిసారి నడిపినప్పుడు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. మణికట్టు తిప్పితే చాలు, గేరు తాళం పడ్డట్టు పడేది. ఆ ఆనందంలో కిట్ వాటా ఎంతో, బుష్ వాటా ఎంతో విడదీసి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఆ అవకాశం అనుకోకుండా వచ్చింది. 11,000 కిలోమీటర్లు తిరిగేసరికి కొన్ని వేగాల దగ్గర లివర్ నుంచి కందిరీగ జుమ్మన్నట్టు సన్నని మోత మొదలైంది. విప్పి చూస్తే కిట్‌తో వచ్చిన లివర్ ఊగే గుండు ఒక పక్క అరిగి, గోటికి తగిలేంత గాడి పడి ఉంది. అమ్మినవారు గ్యారంటీ గడువు దాటిందన్నారు. మారు లివర్ చేరేలోగా నెలన్నరపాటు కంపెనీ పాత లివర్‌నే, కొత్త బుష్ తొడిగి, కొత్త ఆయిల్‌లో కూర్చోబెట్టి నడిపాను. మొదటి రోజు దూరం ఎక్కువనిపించింది. మూడో రోజుకు ఆ సంగతే మరిచిపోయాను. ఊగులాట లేదు, వేడి లేదు, గేరు పడ్డ సంగతి చేతికి స్పష్టంగా తెలుస్తోంది. నేను తీర్చుకోవాలనుకున్న లోపాల్లో నూటికి డెబ్బై పాళ్లు ఆ చిన్న ప్లాస్టిక్ టోపీ, రెండు రబ్బరు ముక్కలు, గుక్కెడు ఆయిల్ తీర్చేశాయని, కిట్ తెచ్చింది మిగతా ముప్పై పాళ్లేనని అప్పుడు తేలింది. ఇది కొలిచి చెప్పిన అంకె కాదు, చెయ్యి చెప్పిన లెక్క.

అయినా మారు లివర్ రాగానే మళ్లీ షార్ట్ షిఫ్టరే బిగించాను. ఆ ముప్పై పాళ్ల రుచి అలాంటిది. మలుపుల దారిలో రెండు, మూడు గేర్ల మధ్య వెంటవెంటనే మారవలసి వచ్చినప్పుడు చెయ్యి స్టీరింగ్‌ను వదిలి ఉండే సమయం తగ్గుతుంది. లివర్‌ను వెదకవలసిన పని ఉండదు. తాపీగా నడిపేటప్పుడు మాత్రం దాని వల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

దీనికి చెల్లించిన మూల్యం ఎక్కువగా రెండో గేరు దగ్గర కనబడింది. సింక్రో రింగు చేసే పని, మారబోయే గేరు వేగాన్ని షాఫ్టు వేగంతో సమం చేయడం. లివర్ పొట్టిదైనంత మాత్రాన ఆ పని తగ్గదు. చెయ్యి పాత అలవాటు ప్రకారం అదే వేగంతో కదిలితే, లోపల గేరును షాఫ్టుకు కలిపే స్లీవు మునుపటికంటే త్వరగా ముందుకు తోసుకొస్తుంది, రింగుకు దొరికే వ్యవధి తగ్గిపోతుంది. ఉదయం పూట ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నప్పుడు ఇది మరీ తెలుస్తుంది. మొదటి చలికాలంలో తొలి రెండు మూడు కిలోమీటర్లు రెండో గేరు కరకరలాడింది. ముప్పై ఏళ్లు దాటిన గేర్‌బాక్స్‌లో ఆ మాత్రం అరుగుదల సహజమే, కానీ పాత లివర్ ఆ అరుగుదలను దాచి ఉంచింది, కొత్తది బయటపెట్టింది. జీఎల్-4 రకం, 75డబ్ల్యూ-90 చిక్కదనపు గేర్ ఆయిల్ పోయడం, కారు వేడెక్కేదాకా న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి గేరు వేయడం, కింది గేరుకు దిగేటప్పుడు ఆక్సిలరేటర్ తొక్కి ఇంజన్ వేగాన్ని కలపడం నేర్చుకున్నాక ఆ చప్పుడు దాదాపు పోయింది. జీఎల్-5 ఆయిల్ మరింత మెరుగైనదని పొరబడి పోసేవారున్నారు. వాటిలో చాలా రకాల్లో ఉండే గంధకపు మిశ్రమాలు ఇత్తడి సింక్రో రింగులకు మేలు చేయవు.

ముందుకూ వెనక్కూ దూరం తగ్గినట్టే పక్కలకూ తగ్గుతుందన్న సంగతి కొనే ముందు నాకు తట్టలేదు. గేర్ల వరుసల మధ్య ఎడం ఇరుకవుతుంది. వేగంగా వెళుతూ మూడు నుంచి నాలుగుకు లాగబోయి రెండోదాంట్లోకి పోబోయిన సందర్భాలు రెండున్నాయి. క్లచ్ పూర్తిగా వదలకముందే లివర్ మొరాయించడం వల్ల గుర్తుపట్టి ఆగాను. అలా పడితే ఇంజన్ గతి ఏమయ్యేదో ఆలోచించదలచుకోలేదు. ఆ రెండో అనుభవం తరువాత పిడికిలితో బిగించి లాగడం మానేసి, అరచెయ్యి తెరిచి తోయడం, వేళ్లతో వెనక్కు లాగడం అలవాటు చేసుకున్నాను.

మోత విషయంలో కిట్ లివర్ ఎన్నటికీ కంపెనీ లివర్‌కు సాటిరాదు. లోపలి కంపనం సూటిగా అరచేతిలోకి వస్తుంది. బరువైన నాబ్ వేశాక అది సగం తగ్గింది. పైగా ఆ బరువు ఊపు వల్ల గేరు పడేటప్పుడు చేతి శ్రమా కొంత తగ్గింది. లివర్ పై భాగాన్ని కోసి పొట్టి చేసే చవక పద్ధతిని ఒక మిత్రుడి కారులో నడిపి చూశాను. దూరం తగ్గిన మాట నిజమే గానీ, నాబ్ కన్సోల్‌కు అంటుకుపోయి మోచెయ్యి వెనక్కు మడిచి నడపవలసి వచ్చింది.

ఎమ్‌ఎక్స్-5 రెండో తరంలో కొన్నింటికి వచ్చిన 6 గేర్ల పెట్టెకు ఈ 5 గేర్ల కిట్ సరిపోదు, కొనేముందు అది చూసుకోవాలి. పాత కారు ఏదైనా సరే, ముందు బుష్, బూట్లు, ఆయిల్ మార్చి ఒక నెల నడపండి. అప్పటికీ చెయ్యి ఇంకా కావాలంటే కిట్ సంగతి చూడండి. పావు వంతుకు మించి దూరం తగ్గించే కిట్‌ను రోజువారీ కారుకు నేను వాడను. నా రెండో లివర్ గుండు మీద ఇప్పుడే సన్నని గీత కనిపిస్తోంది. అది గాడిగా మారిన నాడు మూడోది కొనే ఉద్దేశం లేదు. గ్రీజు పూసి, గుడ్డలో చుట్టి అరలో పెట్టిన పాత లివర్ సిద్ధంగానే ఉంది.